ఆగని ఫ్లట్టర్‌కు

ఫ్లట్టర్, యాప్‌లు కట్టే గూగుల్ పనిముట్టా, నిన్ను పొగడటానికి కూర్చున్నాను. నీ మీద కోపం ఉన్నవాళ్లు కూడా ఒప్పుకోక తప్పని గుణాలు నీలో చాలా ఉన్నాయి. వాటినే చెబుతాను. ఒక్కటీ పెంచి చెప్పను, ఒక్కటీ సగంలో ఆపను.

2018 డిసెంబరులో నీ 1.0 వెర్షన్ వచ్చేనాటికి చాలా చోట్ల ఒక యాప్ అంటే రెండు యాప్‌లే. ఆండ్రాయిడ్‌కు జావానో కాట్లినో తెలిసినవాళ్లు వేరు, ఐఫోన్‌కు స్విఫ్ట్ తెలిసినవాళ్లు వేరు. ఒకదాంట్లో సరిచేసిన తప్పు రెండోదాంట్లో అలాగే ఉండిపోయేది. నీ భాష డార్ట్‌లో ఒక్కసారి రాస్తే చాలని నువ్వన్నావు, ఆ మాట నిలబెట్టుకున్నావు. 2021 మార్చిలో వెబ్, 2022 ఫిబ్రవరిలో విండోస్, అదే ఏడాది మేలో మ్యాక్, లినక్స్. ఫోన్లతో కలిపి ఆరు చోట్ల ఒకే కోడ్. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇద్దరు ముగ్గురే ఉన్న సంస్థ పెద్ద కంపెనీలకు తీసిపోని యాప్ చేసి ఇవ్వగలిగితే అందులో నీ వాటా పెద్దది. ఇక హాట్ రీలోడ్! రంగు మార్చి సేవ్ కొడితే, నింపుతున్న ఫారం చెదరకుండా, తెర మీద ఆ రంగు మారుతుంది. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లకు తను రాసింది కళ్లముందే కదలడం కన్నా మంచి పాఠం లేదు. వెబ్‌లో కూడా అది మామూలుగా పనిచేసే రోజు 2025 ఆగస్టులో, 3.35తో వచ్చింది. వెబ్ సిద్ధమని నువ్వు ప్రకటించిన నాలుగేళ్ల తర్వాత వచ్చింది. అయినా వచ్చింది.

నీలో అన్నిటికన్నా పెద్ద గుణం ఆగకపోవడం. 2023లో జనవరి, మే, ఆగస్టు, నవంబరు: 3.7, 3.10, 3.13, 3.16. 2024లో నాలుగు. 2025లో నాలుగు. 2024 వసంతంలో గూగుల్ తన ఉద్యోగుల్ని తగ్గించుకున్నప్పుడు నీకు పనిచేసేవాళ్లూ కొందరు వెళ్లిపోయారు. చేతులు తగ్గాయి, నీ క్రమం మాత్రం తప్పలేదు. ఆ ఏడాది అక్టోబరులోనే, పేరుకుపోయిన బగ్గుల్ని చూసే మనుషులు చాలడం లేదని, నీ పాత బృందంలో పనిచేసిన ఒకరు నీ కోడ్‌ను వేరుగా తీసి ఫ్లాక్ అనే పేరుతో సొంత దారి పట్టారు. నువ్వు డిసెంబరులో 3.27 తెచ్చావు. కొత్తది ఇవ్వడంలో నిన్ను మించినవాళ్లు తక్కువ.

తప్పు దిద్దుకోవడానికి వెనకాడకపోవడం రెండో గుణం. నీ మొదటి బటన్లు ఫ్లాట్‌బటన్, రైజ్‌డ్‌బటన్, అవుట్‌లైన్‌బటన్. వాటన్నిటికీ కలిపి ఒకే థీమ్ ఉండటంతో ఒకదాని రూపం మారిస్తే ఇంకోదాని రూపం చెడేది. 2020లో ఇది గుర్తించి టెక్స్ట్‌బటన్, ఎలివేటెడ్‌బటన్, అవుట్‌లైన్డ్‌బటన్ తెచ్చి ఒక్కోదానికి ఒక్కో థీమ్ ఇచ్చావు. కొత్తవే మేలు, అందులో నాకు సందేహం లేదు. పాతవాటిని కొంతకాలం ఉంచి, ముందే హెచ్చరించి, ఆ తర్వాతే తీసేశావు. బటన్ లేని యాప్ ఉండదు కాబట్టి ఈ మేలు ప్రతి యాప్‌లో ప్రతి తెరకూ చేరింది. పాత యూట్యూబ్ పాఠం చూస్తూ రైజ్‌డ్‌బటన్ అని అక్షరం పొల్లుపోకుండా కొట్టిన విద్యార్థికీ చేరింది. అతను చేసినదాంట్లో తప్పేమీ లేదు, పాఠం చెప్పినవాడూ తప్పు చెప్పలేదు. అయినా ఎర్రగీత పడింది.

వెనక్కి వెళ్లే బటన్ సంగతి ఇంకొంచెం నిదానంగా చెప్పాలి, నీ శ్రద్ధ అక్కడ బాగా కనిపిస్తుంది. ఫారం సగం నింపిన మనిషి పొరపాటున వెనక్కి నొక్కితే, నింపింది పోతుంది వెళ్లమంటారా అని అడగాలి. దానికి విల్‌పాప్‌స్కోప్ ఉండేది. నొక్కాక అడిగి, జవాబు వచ్చాక తేల్చుకునే పద్ధతి అది. తర్వాత ఆండ్రాయిడ్‌లో వేలు జరుపుతుండగానే వెనకాల ఉన్న తెర కనిపించే ఏర్పాటు వచ్చింది. అలా చూపించాలంటే వెళ్లనివ్వాలా వద్దా అన్నది ఫోన్‌కు ముందుగానే తెలిసి ఉండాలి, నొక్కాక అడిగితే కుదరదు. అందుకని 2023 నవంబరులో, 3.16తో, పాప్‌స్కోప్ తెచ్చావు. ఇది పేరు మార్పుతో పోయే పని కాదు. నిర్ణయం తీసుకునే చోటు మారింది కాబట్టి ప్రతి ఫారం వెనకున్న ఆలోచనను తిరగరాయాలి. జనం రాశారు. తొమ్మిది నెలలకు, 2024 ఆగస్టు 3.24 నాటికి, ఆ పాప్‌స్కోప్‌లోనే ఉన్న ఆన్‌పాప్‌ఇన్‌వోక్డ్ కూడా పాతబడింది. దాని చోట ఆన్‌పాప్‌ఇన్‌వోక్డ్‌విత్‌రిజల్ట్ వచ్చింది. మూసుకుంటున్న తెర తెచ్చే ఫలితం కూడా చేతికందాలన్నది దాని ఉద్దేశం. రెండుసార్లూ నీ కారణం సబబే. మార్పు ఎలా చేసుకోవాలో రెండుసార్లూ వివరంగా రాసిపెట్టావు. మొదటిసారి నీ మాట విని వెంటనే మార్చుకున్నవాళ్లకే రెండోసారి పని పడింది. పట్టించుకోకుండా కూర్చున్నవాళ్లు ఒక్కసారితో బయటపడ్డారు.

రంగుల విషయంలోనూ అంతే శ్రద్ధ. కొత్త తెరలు చూపగల విస్తృతమైన రంగుల్ని సరిగ్గా పట్టుకోవడానికి 3.27లో విత్‌ఒపాసిటీని పాతదని ప్రకటించి విత్‌వాల్యూస్ తెచ్చావు. నీడకు, మసక గీతకు, నొక్కడానికి వీల్లేని బటన్‌కు, అన్నిటికీ వాడేది విత్‌ఒపాసిటీయే. ప్రాజెక్టు తెరిస్తే వందల హెచ్చరికలు. అసలు పట్టించుకోవాల్సిన హెచ్చరిక ఒకటి వాటి మధ్య ఉంటే కంటికి ఆనడం కష్టం.

నల్ సేఫ్టీని మనసారా పొగుడుతాను. 2021 మార్చిలో డార్ట్ 2.12తో వచ్చిన ఆ పద్ధతి, లేని విలువను ఉందనుకుని యాప్ కుప్పకూలే ప్రమాదాన్ని రాస్తున్నప్పుడే పట్టిస్తుంది. 2023 మేలో డార్ట్ 3 వచ్చాక పాత పద్ధతి కోడ్‌కు తలుపు మూసుకుంది. జీతం లేకుండా ప్యాకేజీ రాసి పంచిన మనిషి ఆ రెండేళ్లలో వేరే ఉద్యోగంలో పడి ఉంటే అతని ప్యాకేజీ అక్కడితో ఆగిపోయింది. దాన్ని వాడుకున్న యాప్‌లో ఆ భాగం ఇంకెవరో మళ్లీ రాయాల్సి వచ్చింది.

కావలసిన కోడ్‌ను తామే పుట్టించే డార్ట్ మాక్రోల విషయంలో నీ నిజాయతీ మెచ్చుకోవాల్సిందే. జేసన్ డేటా చదవడానికి పుటలకొద్దీ కోడ్ పుట్టించుకునే బాధ తీరుతుందని 2024 మేలో నమూనా చూపించారు. అనుకున్న నాణ్యతతో పూర్తిచేయడం కుదరదని 2025 జనవరిలో ఆపేశారు. కుదరనిదాన్ని కుదరదని చెప్పేసే సంస్థలు ఎన్ని? ఆ ఎనిమిది నెలలు మాక్రోలు వస్తాయని తమ పని వాయిదా వేసుకున్నవాళ్లు మళ్లీ పాత కోడ్ జనరేటర్ దగ్గరికే చేరారు.

ఇంపెల్లర్ నీ ఇంజనీర్ల కష్టానికి గొప్ప నిదర్శనం. పాత స్కియా దారిలో, తెర మీద బొమ్మ గీయడానికి కావలసిన షేడర్లు యాప్ నడుస్తుండగా తయారయ్యేవి. అందుకే ఒక కదలిక మొదటిసారి వచ్చినప్పుడు తెర ఒక్కక్షణం తడబడేది. ఇంపెల్లర్ ఆ షేడర్లను ముందే సిద్ధం చేసి పెడుతుంది. 2023 మే 3.10 నుంచి ఐఫోన్లలో ఇదే మామూలు దారి. ఏడాదిన్నర దాటాక, 2024 డిసెంబరు 3.27తో, ఆండ్రాయిడ్ 10, ఆపైన ఉండి వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతి పనిచేసే ఫోన్లకూ వచ్చింది. అంతకన్నా పాత ఆండ్రాయిడ్ ఉన్న ఫోన్లకు పాత దారే. ఆ ఫోన్లలో యాప్ నడుస్తుంది, దాన్ని నువ్వు కాదనలేదు. తడబాటు తొలగిన తెరలు మాత్రం ముందు ఐఫోన్ వాళ్లకు, తర్వాత కొత్త ఆండ్రాయిడ్ వాళ్లకు అందాయి. అక్క వాడి ఇచ్చిన పాత ఫోన్‌లో క్లాసు వినే తమ్ముడికి ఆ తడబాటే ఎక్కువ, మందు చివరికి కూడా అతనిదాకా రాలేదు.

వెబ్ గురించి నాకు గట్టి పట్టింపు ఉంది. అక్షరాల కోసం నువ్వు బ్రౌజర్ మీద ఆధారపడవు, ప్రతి అక్షరాన్నీ నువ్వే గీస్తావు. అందువల్ల అన్ని బ్రౌజర్లలో పేజీ ఒకేలా కనిపిస్తుంది. తెలుగు ఒత్తులు, గుణింతాలు కూడా పొందికగా కూర్చుతావు, ఆ పనిచేసే హార్ఫ్‌బజ్‌ను నీలో ఇముడ్చుకున్నందుకు తెలుగువాడిగా కృతజ్ఞత చెప్పాలి. అలా గీయడానికి కావలసిన క్యాన్వస్‌కిట్ సుమారు ఒకటిన్నర ఎంబీ, పేజీ మొదటిసారి తెరిచినవాళ్లకు అది ముందు దిగాలి. తయారుచేసినవాళ్లు తెలుగు ఫాంటు జతచేయడం మరిచిపోయారా, దానికీ నీ దగ్గర ఏర్పాటుంది. గూగుల్ సర్వర్ నుంచి నోటో ఫాంటు అప్పటికప్పుడు తెప్పిస్తావు. అది వచ్చేదాకా అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ఆ పేజీ చూస్తున్న ఫోన్‌లో తెలుగు ఫాంటు ముందునుంచే ఉంది, మామూలు వెబ్ పేజీ అయితే దాంతోనే క్షణంలో తెలుగు చూపించేది.

చూపు లేనివాళ్లకు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ క్యాన్వస్ మీద గీసిన అక్షరాన్ని చదవలేదు. దానికోసం సెమాంటిక్స్ అనే సమాంతర నిర్మాణం కట్టావు. మంచి నిర్మాణం. వేగం తగ్గకూడదని వెబ్‌లో దాన్ని మామూలుగా ఆపి ఉంచుతావు. కావలసినవాళ్లు కంటికి కనపడని ఒక బటన్‌ను స్క్రీన్ రీడర్‌తో వెతికి పట్టుకుని నొక్కాలి, లేదా యాప్ రాసినవాళ్లకు గుర్తుండి ఒక లైను కోడ్ చేర్చాలి. పేజీలో ఒక మాట వెతకడానికి బ్రౌజర్‌లోని ఫైండ్ కూడా ఆ అక్షరాల్ని పట్టుకోలేదు. ఇలాంటి ఇబ్బందులు తక్కువగా ఉండే హెచ్‌టీఎంఎల్ రెండరర్ ఒకప్పుడు నీ దగ్గరే ఉండేది. రెండు దారులూ నిలబెట్టడం భారమని 2025 ఫిబ్రవరి 3.29లో దాన్ని తీసేశావు. నీ భారం తగ్గింది.

ఇష్టం లేకపోతే పాత వెర్షన్‌లోనే ఉండొచ్చు కదా అని నీ తరఫున వాదించేవాళ్లున్నారు. ఉండనిచ్చేవాడివే నువ్వు, పాత వెర్షన్లు దాచిపెట్టలేదు, ఎవరైనా దించుకోవచ్చు. కానీ ప్లే స్టోర్ ఏటా కొత్త ఆండ్రాయిడ్‌ను గురిగా పెట్టుకోమంటుంది. 2024 ఆగస్టు 31కి ఆండ్రాయిడ్ 14, 2025 ఆగస్టు 31కి ఆండ్రాయిడ్ 15. గడువు దాటితే యాప్‌కు అప్‌డేట్ పంపడం కుదరదు. ఆ గురి మార్చబోతే బిల్డ్ చేసే గ్రేడిల్‌ను మార్చాలి, గ్రేడిల్‌కు జావా మార్చాలి, కొత్త ఆండ్రాయిడ్‌ను తెలుసుకున్న ప్యాకేజీలు కావాలి, ఆ ప్యాకేజీలకు కొత్త ఫ్లట్టర్ కావాలి. చాలాసార్లు ఒక్క బిల్డ్ కోసం మొదలైన పని వారమంతా సాగుతుంది. ప్లే స్టోర్ నడిపేదీ నిన్ను పోషించేదీ ఒకే గూగుల్. పెద్ద సంస్థలో ఇలాంటి మార్పులకోసమే ఒక బృందం ఉంటుంది. చిన్న సంస్థ యాప్ చేసినందుకు ఒక్కసారే డబ్బు తీసుకుంది. ఒక డెంటల్ క్లినిక్ డాక్టరుగారికి ఫోన్ చేసి, మీ అపాయింట్‌మెంట్ యాప్‌లో కొత్తదేమీ రాదండీ, ఉన్నది ఉన్నట్టు నడవాలంటే మళ్లీ డబ్బు కట్టాలండీ అని ఏ ముఖంతో చెబుతారు? చెప్పలేక, ఆదివారాలు కూర్చుని తామే చేసి పెడతారు. నీ కొత్త సౌకర్యాలకు ధర లేదని, అంతా ఉచితమని నువ్వంటావు. నీ లెక్కలో అది నిజమే, ఈ ఆదివారాలు ఆ లెక్కలోకి రాలేదు.

నీ శక్తి ఏమిటో లోకానికి చూపించడానికి ఫ్లట్టర్ గ్యాలరీ అనే యాప్‌ను నువ్వే కట్టావు. నీ విడ్జెట్లు ఎన్నో అందులో ఉండేవి, కొత్తగా నేర్చుకునేవాళ్లు దాన్ని తెరిచి చూసేవాళ్లు. తర్వాత, దీన్ని ఇక నిర్వహించడం లేదు అని దాని పేజీ మీద రాసిపెట్టావు. దాచకుండా చెప్పావు, బాగుంది. నిన్ను తయారుచేసిన చేతులకే ఒక పాత యాప్‌ను వెర్షన్ వెంట వెర్షన్ మోసుకెళ్లడం చాలించుకోవాలనిపించింది. క్లినిక్ యాప్ చేసినవాళ్లకు అలా రాసిపెట్టే వీలు లేదు.

అందుకే నీ నుంచి ఒకటి అడుగుతున్నాను. వచ్చే వెర్షన్ విడుదల చేసే ముందు 2021 నాటి గ్యాలరీ కోడ్‌ను బయటికి తీయి. కొత్తదేమీ చేర్చకుండా, అప్పుడు ఎలా పనిచేసిందో అలాగే కొత్త వెర్షన్‌లో పనిచేసేలా చెయ్యి. ఎన్ని ఫైళ్లు తెరవాల్సి వచ్చింది, ఎన్ని ప్యాకేజీలు వదిలెయ్యాల్సి వచ్చింది, ఇద్దరు మనుషులకు ఎన్ని గంటలు పట్టింది, ఇవన్నీ రాయి. విడుదల ప్రకటనలో కొత్త సౌకర్యాల జాబితాకు పైన ఆ లెక్క అచ్చు వెయ్యి.