గుట్టలెటు, గీతలెటు?

మా భోపాల్‌పట్నంలో ఎవరు కొత్త ఇల్లు కట్టినా నేను ముందు అల్మారా తలుపులే చూస్తాను. చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఎడమ తలుపు మీద చారలు పైకి ఎగబాకుతుంటాయి, కుడి తలుపు మీద కిందికి దిగుతుంటాయి. ఒకటి పసుపు, ఇంకొకటి గోధుమరంగు. "టేకు వెనీరు తాతా, వరంగల్ నుంచి తెప్పించినం" అంటారు గొప్పగా. ఇంద్రావతి ఒడ్డున, చుట్టూ టేకు అడవి పెట్టుకొని టేకు కోసం గోదావరి దాటి పోయాం. పోతే పోయాం, తెచ్చుకున్నదాన్నయినా కళ్ళు పెట్టి చూసి అతికించారా?

మా రోజుల్లో పలక కావాలంటే దుంగతోనే మొదలు. దుంగను ఎత్తు మీదికి ఎక్కించి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడి పెద్ద రంపం లాగేవాళ్ళు. లాగడం తరవాతి మాట. ముందు దుంగ కొసను నీళ్ళతో తడిపి వలయాలు చూసేవాళ్ళు. చేవ ఎంత, తెల్లచెక్క ఎంత, నడిమి బొడ్డు ఏ పక్కకు జరిగి ఉంది, బుడిపె ఎక్కడ దాక్కుంది అన్నీ అక్కడే తేలేవి. మసి పూసిన దారంతో గీత కొట్టేముందు చాలాసేపు మాటల్లేకుండా నిలబడేవాళ్ళు. ఆ నిలబడటంలోనే సగం పని ఉండేది.

దుంగను ఒక పక్క నుంచి వరసగా కోసుకుంటూ పోతే పలక మీద ఒకదానిలో ఒకటి ఒదిగిన గుట్టలు వస్తాయి. బొడ్డు నుంచి బెరడు వైపుకు కోస్తే నిటారు గీతలు వస్తాయి. గుట్టల పలక చూడముచ్చటగా ఉంటుంది కానీ వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. గీతల పలక అందులో సగం కూడా కదలదు. అందుకే తలుపు చట్రానికి గీతల చెక్క, మధ్య పలకకు గుట్టల చెక్క వాడేవాళ్ళు. టేకుకు ఒక చూపు, వేగిసకు ఇంకో చూపు. వేగిస తడిస్తే పసుపు దిగి పక్క చెక్కను కూడా మరక చేస్తుంది కాబట్టి దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తెలిసి ఉండాలి.

వెనీరు మీద నాకు కోపం లేదు. రంపం కోతలో చెక్క పొట్టుగా పోతుంది. వెనీరు మిల్లులో దుంగను చదరంగా చెక్కి, వేడినీళ్ళలో నానబెట్టి, పదునైన బ్లేడుతో అర మిల్లీమీటరు మందాన పొరలు తీస్తారు. అంగుళం చెక్కలో యాభై పొరలు! ఒక్క దుంగతో వీధి వీధంతా అలంకరించవచ్చు. అడవి మీద ప్రేమ ఉన్నవాడు దాన్ని కాదనలేడు.

కానీ అక్కడా అదే లెక్క. పక్క నుంచి పొర తీస్తే గుట్టలు, దాన్నే షాపులో క్రౌన్ కట్ అంటారు. బొడ్డు వైపుకు తీస్తే గీతలు, అది క్వార్టర్ కట్. దుంగను గిర్రున తిప్పుతూ చుట్టిన చాప విప్పినట్టు తీసే పొర ఇంకొకటి ఉంది. అది ఎక్కువగా ప్లైవుడ్ లోపలికి పోతుంది, పైకి వేస్తే చారలు ఎటుపడితే అటు అలల్లా పోతాయి.

ఒకే దుంగలో వరసగా వచ్చిన పొరలు అన్నదమ్ముల్లా పోలి ఉంటాయి. ఒకటి విడిచి ఒకటి తిరగేసి పక్కపక్కన పెడితే తెరిచిన పుస్తకంలా ఎడమా కుడీ ఎదురెదురు నిలుస్తాయి. దాన్నే బుక్ మ్యాచ్ అంటారు. అందులో ఒక చిక్కుంది. తిరగేసిన పొరకు బ్లేడు వదిలిన వదులు పక్క పైకొస్తుంది, వెలుగు దాని మీద వేరేగా పడుతుంది, పాలిష్ కూడా కొంచెం ఎక్కువ తాగుతుంది. ఒక పలక ముదురు, ఒక పలక లేత అనిపించేది అందుకే. గీతల వెనీరైతే తిరగెయ్యకుండా వరసగా జరుపుకుంటూ అతికిస్తే చాలు, రంగు ఒకటిగా ఉంటుంది. ఈ సంగతి చెబితే ఇప్పటి మేస్త్రీలు ఫోన్ చూసుకుంటారు.

వాళ్ళను మాత్రం ఎంతని అనను? వాళ్ళు దుంగ కొస చూసి ఎరగరు. దానికీ కారణముంది. 1990ల్లో మాలిక్ మక్బూజా, అంటే సొంత భూమిలో చెట్ల మీద పట్టాదారు హక్కు, పేరుతో బస్తర్‌లో ఆదివాసుల పట్టా భూముల్లోని చెట్లను కారుచవకగా కొని నరికేశారు. 1996 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు అనుమతి లేకుండా అడవుల్లో నడిచే రంపపు మిల్లులను, వెనీరు, ప్లైవుడ్ మిల్లులతో సహా, ఆపమంది. ఆపవలసిందే. అడవి మిగలాలి. అయితే నిఘా పెరిగేకొద్దీ మా దిక్కున దుంగ ముందు నిలబడి నేర్చుకునే చోటు లేకుండా పోయింది. మంచి దుంగ వేలంలో లారీ ఎక్కి పోతుంది, ఎక్కడో మిల్లులో పొరలై, పల్చని ప్లై మీద అతుక్కొని ఎనిమిదడుగుల షీటుగా తిరిగొస్తుంది. కొస కనపడదు, వలయం కనపడదు.

ఇప్పుడు ఇంకోటొచ్చింది, రీకాన్ అట. పోప్లార్ లాంటి తెల్లచెక్క పొరలకు రంగు పట్టించి, దొంతర పెట్టి, జిగురుతో నొక్కి, మళ్ళీ కోస్తారు. ఎన్ని షీట్లు కొన్నా ఒక్క గీత తేడా ఉండదు. అది చూసి "ఎంత నీటుగా ఉందో" అంటుంటే నాకు దుఃఖమొస్తుంది. టేకు గుట్ట ఏ రెండు చెట్లలోనూ ఒకలా ఉండదు. వాన బాగా పడిన ఏడు వలయం వెడల్పు, కరువేడు సన్నం. ఆ తేడా చూడటానికే కదా చెక్క కొనుక్కునేది!

అందుకని గట్టిగానే చెబుతున్నాను. షీట్లు కొనేటప్పుడు ఒకే దుంగ కట్టలోవేనా అని అడగండి, వెనక వరస నంబరు చూడండి. ఇంటికి తెచ్చాక జిగురు డబ్బా మూత తియ్యకుండా అన్నిటినీ నేల మీద పరచండి. గుట్టల కొనలన్నీ పైకి తిప్పండి, తలుపులన్నీ ఒకే పొడుగున గీయండి, కిటికీ వెలుగులో అటు నుంచీ ఇటు నుంచీ చూడండి. తోచకపోతే నాకు కబురు పెట్టండి, వచ్చి మీ మేస్త్రీ పక్కన కూర్చొని చూపిస్తాను.