చెలక దాకా రాని న్యాయం

వాతావరణ న్యాయం అంటే, పొగ ఒకరు వదిలితే వాన ఇంకొకరికి తప్పిపోయే ఏర్పాటును గుర్తించి, దానికి పేరు పెట్టి, ఏటా ఒక నగరంలో సభ జరిపి చర్చించే శాస్త్రం. దీని మూలసూత్రం బడి మొహం చూడని వాళ్లకు కూడా తెలిసిందే: ఎక్కువ చెడగొట్టినవాడు ఎక్కువ కట్టాలి. 1992లో రియో సదస్సు దీన్ని ఒప్పుకుంది. 2009లో కోపెన్‌హాగెన్‌లో ధనిక దేశాలు, 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. ఆ మొత్తం చేరిందని లెక్క తేలింది 2022 సంవత్సరానికి. అందులోనూ పెద్ద భాగం అప్పే. 2024లో బాకూలో ఆ అంకెను 2035 నాటికి 30 వేల కోట్లు చేస్తామంటే, అది వట్టి కనికట్టని భారత ప్రతినిధి నిండు సభలో కుండబద్దలు కొట్టారు. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అదే న్యాయం మన ఊళ్లోకి దిగాక ఏమవుతుందన్నది ఈ శాస్త్రంలో రెండో అధ్యాయం.

ఆ అధ్యాయానికి సగటు అనే సాధనం అవసరం. అమెరికాలో మనిషికి ఏటా 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కకొస్తే భారతదేశంలో అది రెండు టన్నుల చిల్లర. ఈ రెండు టన్నుల్లో గచ్చిబౌలిలోని ఏసీ గదులూ ఉన్నాయి, న్యాల్‌కల్ మండలంలోని రేకుల ఇళ్లూ ఉన్నాయి. విదేశాలతో వాదించేటప్పుడు రేకుల ఇంటిని ముందు నిలబెడతారు. పంపకాల దగ్గర ఆ ఇంటి చిరునామా దొరకదు.

హక్కుల వైపు నుంచి చూస్తే ఈ శాస్త్రం ఇటీవల బాగా ఎదిగింది. శుభ్రమైన, ఆరోగ్యకరమైన పర్యావరణం మానవ హక్కని 2021 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి తీర్మానించింది. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. నాలుగు దేశాలు మాత్రం ఎటూ చెయ్యెత్తలేదు: రష్యా, చైనా, జపాన్, భారత్. 2025 జూలైలో అంతర్జాతీయ న్యాయస్థానం, వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యతేనని అభిప్రాయం చెప్పింది. అభిప్రాయం కాబట్టి అందరూ స్వాగతించారు.

ఈ రెంటి మధ్య భారత సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల బారిన పడకుండా బతికే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల్లోనే ఉందని 2024 మార్చి 21న కోర్టు ప్రకటించింది. కేసు బట్టమేక పిట్టది. రాజస్థాన్, గుజరాత్‌లలో ఆ పిట్టలు కరెంటు తీగలకు తగిలి చనిపోతున్నాయని, తీగలను భూమి లోపల వేయమని 2021లో ఇదే కోర్టు ఆదేశించింది. సౌర విద్యుత్తుకు అది అడ్డమని ప్రభుత్వం మొరపెట్టుకుంటే, 2024లో ఆదేశాన్ని సడలిస్తూ కోర్టు ఈ కొత్త హక్కును చాటింది. ఆ విధంగా దేశంలో వాతావరణ హక్కు పుట్టిన రోజునే దానికి మూల్యం చెల్లించే పని ఒక పిట్టకు పడింది. నంద్యాల జిల్లా రోళ్లపాడులో ఆ పిట్ట కోసం అభయారణ్యమే ఉంది. పిట్ట మాత్రం అక్కడ దాదాపు కనిపించడం మానేసింది.

సిద్ధాంతం ఇంతవరకు. దీని ఆచరణకు జహీరాబాద్‌ను మించిన ప్రయోగశాల తెలుగునేల మీద దొరకదు. సంగారెడ్డి జిల్లాలో, హైదరాబాద్–ముంబై రహదారి మీద, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ ప్రాంతంలో రెండు రకాల వ్యవసాయాలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి బోరు కింద చెరకు, అల్లం. రెండోది వాన మీద బతికే ఎర్ర చెలక. రెండో దానిలో కొంత, ఇంకెవరికీ అక్కరకు రాదని తేలాక పేదలకు పంచిన లావుణి పట్టా భూమి. అక్కరకు రాదని తేల్చినవాళ్లు నిపుణులే, కానీ తొందరపడ్డారు.

1983లో పుట్టి, పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఆ చెలకల్లోనే వేళ్లూనుకున్నాయి. సుమారు 75 గ్రామాల్లో 5 వేల మంది. ఎక్కువ మంది దళిత మహిళలు, చిన్న కమతాల వాళ్లు. ఒకే ఎకరంలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, కంది, పెసర, మినుము, నువ్వు, పుంటికూర, ఇంకా నాలుగైదు గింజలు కలిపి విత్తుతారు. వాన తొందరగా ఆగిపోతే కొర్రా సామా చేతికొస్తాయి, ఆలస్యంగా పడితే కంది నిలబడుతుంది, ఏదీ సరిగా లేకపోతే పశువులకు సొప్పయినా మిగులుతుంది. నల్లరేగడి ఉన్నచోట యాసంగిలో శనగ, కుసుమ, అవిసె నేల తేమతో, రాత్రి మంచుతో పండుతాయి. వాటిని వీళ్లు సత్యం పంటలంటారు. విత్తనం కొనరు. బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాస్తారు. సంఘం నుంచి ఒక సేరు తీసుకున్నవాళ్లు కోతలయ్యాక దానికి మించి తిరిగిస్తారు. వాతావరణ శాస్త్రవేత్తలు దీన్ని నష్టభయాన్ని పంచుకునే అనుకూలన వ్యూహం అంటారు. వీళ్లు దీన్ని వ్యవసాయం అంటారు.

ఈ వ్యవసాయానికి ప్రభుత్వం తరఫున అందిన తోడ్పాటు ప్రత్యేకంగా పరిశీలించదగింది. 2016 వానాకాలంలో ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన మొదలైంది. దాని పద్ధతి ప్రకారం ప్రాంతం నోటిఫై కావాలి, పంట నోటిఫై కావాలి, ఫారంలో పంట పేరు రాయాలి. పదికి పైగా పేర్లు రాయాల్సిన ఎకరాన్ని ఊహించగల గుమస్తాను ఏ పథకమూ ఇంతవరకు నియమించలేదు. 2020లో తెలంగాణ ఆ పథకం నుంచే బయటికొచ్చింది. దానివల్ల కలిపి విత్తే మహిళలకు కొత్తగా వచ్చిన నష్టమేమీ లేదు. రాష్ట్రం లోపలున్నప్పుడే వాళ్లు బయట ఉన్నారు.

2018లో వచ్చిన రైతుబంధు ఇంకా సరళం. ఎకరానికి ఇంత అని పాసుపుస్తకం చూసి ఇచ్చారు. పదెకరాల చెరకుకు పది వంతులు, ఎకరం చెలకకు ఒక వంతు, కౌలుకు చేసుకునే మనిషికి సున్నా. బోరుకు 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు వచ్చింది. బోరు లేని వాళ్లకు ఉచితంగా రావడానికి వాన ఉండనే ఉంది. 2024లో సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ మొదలైంది. నీళ్లు నిలిపిన వరి మడి నుంచి మీథేన్ వెలువడుతుందన్నది పాఠ్యపుస్తకాల్లో ఉన్న విషయం. అలా మీథేన్ వదిలే పంటకు బోనస్, వదలని పంటకు ప్రశంసాపత్రం అనే విధానం స్థిరపడింది.

ప్రశంసల విషయంలో మాత్రం ఎవరూ లోటు చేయలేదు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సొసైటీకి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. 2023ను భారత్ కోరిక మీదనే ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. ఆ ఏడాది మార్చి 18న ఢిల్లీలో చిరుధాన్యాల ప్రపంచ సదస్సు ఘనంగా మొదలైంది. నలభై ఏళ్లు ఈ ధాన్యాల కోసం జహీరాబాద్ ఊళ్లలో తిరిగిన సొసైటీ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ ఆ మర్నాడే, మార్చి 19న కన్నుమూశారు.

మాట్లాడే హక్కు కూడా ఈ శాస్త్రంలో భాగమే, ఎందుకంటే నష్టపోయినవాళ్లు చెబితేగానీ నష్టం నమోదు కాదు. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఆస్తిలో చిన్న వాటా సంఘాల మహిళలకు చేరడానికి పదమూడేళ్లు పట్టింది. ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో స్టూడియో కట్టుకుని, పరికరాలు పెట్టుకుని, లైసెన్సు లేక క్యాసెట్లు రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకుంటూ గడిపారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద మోగింది. అప్పటికి హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లు సినిమా పాటలతో హోరెత్తిస్తున్నాయి. వాటి వల్ల దేశ భద్రతకు ముప్పు ఉంటుందని ఎవరికీ తోచలేదు.

అసలు పరీక్ష భూమి దగ్గర వచ్చింది. 2011 జాతీయ తయారీ విధానం కింద జహీరాబాద్‌కు నిమ్జ్ (జాతీయ పెట్టుబడుల, తయారీ జోన్) మంజూరైంది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 17 గ్రామాలు, 12,635 ఎకరాలు. జహీరాబాద్ పిల్లలకు ఉద్యోగాలు వద్దని ఎవరూ అనరు; ఆ పిల్లల తల్లులు అసలే అనరు. పేచీ ఉద్యోగాల దగ్గర కాదు, లెక్క దగ్గర వచ్చింది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి పోయినవాళ్లతో పాటు ఆ భూమి మీద కూలి చేసుకుని బతికేవాళ్లకు కూడా పునరావాసం దక్కాలి. ఇది మరీ విస్తారంగా ఉందనుకున్న రాష్ట్రం 2015 జూలైలో 123 నంబరు జీవో తెచ్చింది: అమ్మేవాడు, కొనేవాడు, మధ్యలో డబ్బు. కూలికి అమ్మడానికి భూమి లేదు కాబట్టి అతను పోగొట్టుకునేదీ ఏమీ లేదన్నది ఆ జీవో తర్కం. తర్కంగా చూస్తే దోషం లేదు.

నిమ్జ్ ఊళ్లకు చెందిన వ్యవసాయ కూలీలే ఈ తర్కాన్ని హైకోర్టుకు తీసుకెళ్లారు. 2016 ఆగస్టు 3న సింగిల్ జడ్జి జీవోను కొట్టేశారు. గుంట భూమి లేని మనుషులు భూమి గురించిన జీవోను రద్దు చేయించడం తెలంగాణ న్యాయ చరిత్రలో అరుదైన ఘట్టం. ప్రభుత్వం వెంటనే అప్పీలుకు వెళ్లింది, కూలీలకు కొంత సాయం ప్రకటించింది, ఆ పైన చట్టానికే రాష్ట్ర సవరణ తెచ్చుకుంది. ఆ సవరణతో పారిశ్రామిక కారిడార్ల వంటి వాటికి రెండు అధ్యాయాల నుంచి మినహాయింపు ఇచ్చుకునే వీలు కలిగింది. ఒకటి సామాజిక ప్రభావ అంచనా. రెండోది ఆహార భద్రత. సజ్జలు, కొర్రలు పండే ఊళ్లో ఆహార భద్రత నుంచి మినహాయింపు దేనికన్న ప్రశ్న సవరణలో లేదు. పరిహారంలో పట్టా భూమికి ఒక ధర, లావుణి భూమికి అంతకంటే తక్కువ ధర. పేదలకు ఇచ్చేనాడు పనికిరాని భూమి, తీసుకునేనాడు చౌక భూమి, కర్మాగారానికి ఇచ్చాక విలువైన భూమి: ఒకే సర్వే నంబరు ఇన్ని వేషాలు వేయడం రెవెన్యూ శాఖలో తప్ప సాధ్యం కాదు.

పర్యావరణ అనుమతికి ముందు జనాన్ని అడగాలన్న నియమం ఉంది, అడిగారు కూడా. వరుస మాత్రం గమనించాలి. 2022 జూన్‌లో నిమ్జ్ పరిధిలోని యెల్గోయిలో రక్షణ ఉత్పత్తుల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. జూలైలో బర్దీపూర్‌లో నిమ్జ్ మీద ప్రజాభిప్రాయ సేకరణ పోలీసు బందోబస్తు మధ్య జరిగింది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం జహీరాబాద్‌కు పారిశ్రామిక స్మార్ట్ సిటీని కూడా ఆమోదించింది: 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయలు. అదే సంవత్సరం న్యాల్‌కల్ మండలంలోని డప్పూర్, మల్గి, వడ్డి గ్రామాల్లో ఫార్మా పరిశ్రమల కోసం భూమి కావాలన్నారు, రైతులు రోడ్డెక్కారు.

ఎండ సంగతి వేరే. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ వడగాలులను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. మంచి పనే. అయితే ఆ చావు ఎండ వల్లే వచ్చిందని అధికారులు నిర్ధారించాలి. చేనులో మధ్యాహ్నం కూలిపోయి, ఇంటికి తెచ్చాక ప్రాణం విడిచి, పోస్టుమార్టం లేకుండా మట్టిలో కలిసిన కూలి మనిషి ఏ కారణంతో పోయినట్టు? ప్రభుత్వ లెక్కలో ఆయుష్షు తీరి.

స్విట్జర్లాండ్‌లో వృద్ధ మహిళలు రెండు వేల మందికి పైగా సంఘం పెట్టి, వడగాలుల నుంచి తమను ప్రభుత్వం కాపాడటం లేదని స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. 2024 ఏప్రిల్ 9న గెలిచారు. జూన్‌లో స్విస్ పార్లమెంటు, తాము చేస్తున్నది చాలునని తీర్మానించి తీర్పును పక్కన పెట్టమంది. ప్రభుత్వాల స్వభావంలో బెర్న్‌కూ హైదరాబాద్‌కూ తేడా తక్కువ. తేడా మహిళల్లో ఉంది: స్విస్ వృద్ధులు రక్షణ కావాలన్నారు, జహీరాబాద్ సంఘాల మహిళలు రక్షణ మార్గం చేసి చూపించి, దాన్ని చెడగొట్టకుండా ఉంటే చాలంటున్నారు. ఇంత తక్కువ కోరికను తీర్చడానికి ఏ శాఖ దగ్గరా పద్దు లేదు.

బీమా ఫారంలో కలిపి విత్తిన ఎకరానికి ఒక గడి, పరిహారం జాబితాలో కూలి పేరుకు ఒక వరుస, శంకుస్థాపన రాయికి ముందు ఒక గ్రామసభ. వీటికి దుబాయ్‌లోనో బాకూలోనో ఒప్పందం కుదరనవసరం లేదు, సచివాలయంలో సంతకాలు చాలు. వాతావరణ న్యాయం గురించి ఈసారి ఏ మంత్రి వేదిక ఎక్కి మాట్లాడినా, ఆ సంతకాలు ఎప్పుడు పెడతారో పాఠకులు అడగాలి.