అయ్యలకు కృప, అమ్మలకు క్రియలు

ప్రేమ విందు ఉన్న ఆదివారం మార్త, మరియల మీద వాక్యం చెప్పడానికి గుండెధైర్యం కావాలి. మన అయ్యగార్లకు అది పుష్కలం. బేతనియలో ప్రభువు ఇంటికొస్తే మార్త వంటపనిలో పడి సతమతమైందనీ, మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని విన్నదనీ, మంచి భాగం దక్కింది మరియకేననీ మైకు దద్దరిల్లేలా చెబుతారు. సరిగ్గా అదే సమయానికి మందిరం వెనక రేకుల షెడ్డు కింద మన మార్తలు గంపెడు ఉల్లిపాయలు తరుగుతూ, ఎసరు మరిగిందో లేదో చూసుకుంటూ ఉంటారు. వాళ్ళకి వాక్యం తప్పిపోకూడదని ఒక స్పీకరు అటువైపు తిప్పి కట్టిస్తారు కూడా. లోపలి నుంచి "సహోదరీ, నీకెందుకమ్మా ఇంత తొందర" అన్న గద్దింపు, బయట నుంచి "కానివ్వండమ్మా, ఆశీర్వాదం అయిపోవస్తోంది" అన్న సంఘపెద్ద తొందర, రెండూ ఒకే చెవిలో పడతాయి.

తెనాలి కాలవగట్టు మీది సంఘమైనా, బాపట్ల పేటలోని సంఘమైనా, రేపల్లె రైలు లైను పొడుగునా వేమూరు, భట్టిప్రోలు చుట్టుపక్కల తాటాకు పందిట్లో మొదలై ఇప్పుడు టైల్స్ వేయించుకున్న సంఘమైనా ఇదే వరస. ఆ ఆడవాళ్ళు ఒక్క ఆదివారం వాక్యాన్ని ఉన్నదున్నట్టు నమ్మి, గరిటెలు అక్కడే పడేసి, చెంగుతో చేతులు తుడుచుకుని లోపలికొచ్చి కూర్చుంటే, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఎంతమంది పెద్దలు ఇంకా మరియ పక్షాన ఉంటారో చూడాలని నాకు మహా కోరిక.

మనది అలాంటిలాంటి నేల కాదండీ. 1842 జూలై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో కాలు పెట్టాడు. ఆయన వెంట వచ్చింది లూథరు మాట. మనిషి తన మంచిపనుల చిట్టా చూపించి దేవుడి దగ్గర నెగ్గలేడు, కృప వల్లనే గట్టెక్కుతాడు అన్నది ఆ మాట. దాని కోసం లూథరు 1517 నుంచి పోపుతోనే తగువు పెట్టుకున్నాడు, 1521లో వెలిపడ్డాడు. అంత ఖరీదైన కృప ఓడెక్కి, బండెక్కి, గుంటూరు మీదుగా తెనాలి, రేపల్లె దాకా వచ్చి, తీరా మందిరంలో మగవాళ్ళ కుర్చీల దగ్గర ఆగిపోయింది. ఆడవాళ్ళ చాపల వైపు పాత చిట్టానే తెరిచారు. బాపట్ల వైపు బాప్టిస్టులు, సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు, ఆ తరవాత వీధికొకటిగా వెలసిన స్వతంత్ర సంఘాల వాళ్ళు బాప్తిస్మం నీళ్ళ లోతు దగ్గర నుంచి ప్రతిదానికీ వాదించుకుంటారు. ఈ చిట్టా విషయంలో మాత్రం వాళ్ళ ఐక్యత చూడముచ్చటగా ఉంటుంది.

చిట్టాలో ఏముంటుందంటారా? తెల్లవారుజామున నాలుగింటికి ప్రార్థన, ఐదింటికి పొయ్యి. శుక్రవారం ఉపవాస కూడిక, ఉపవాసం ఆవిడకే గాని ఇంట్లో మిగతావాళ్ళకి కాదు గనక వంట మామూలే. శనివారం మందిరం కడగడం. ఆదివారం ఇస్త్రీ చీర, జారని ముసుగు. క్రిస్మస్‌కి అరిసెలు, కజ్జికాయలు వీధి మొత్తానికీ పంచేటన్ని. నవ్వితే తేలిక మనిషి, నవ్వకపోతే ప్రభువులో ఆనందం లేని మనిషి. మెళ్ళో గొలుసుంటే లోకస్థురాలు, లేకపోతే వియ్యాలవారి ముందు పరువు తక్కువ. కట్నం ఎంత అన్న ప్రశ్న మాత్రం ఏ కూడికలోనూ ఎవరూ ఎత్తరు, అది కుటుంబ విషయం. పిల్లవాడు ఇంటరు తప్పితే తల్లి మోకాళ్ళ మీద నిలబడలేదన్నమాట. మొగుడు తాగొస్తే తాగినవాడి దగ్గరికి వెళ్ళే పెద్దమనిషి ఎవరూ ఉండరు, తాగనిదాని దగ్గరికి మాత్రం నలుగురు వచ్చి "ఇంకా ఎక్కువ ప్రార్థించాలమ్మా" అని చెప్పి, టీ తాగి వెళతారు.

సాక్ష్యాలు చెప్పించే రోజు ఒకసారి రండి. మగమనిషి లేస్తాడు. ముప్ఫై ఏళ్ళు తాగానంటాడు, పేకాడానంటాడు, ఎకరం అమ్మేశానంటాడు, ఇంట్లో ఆడదాన్ని గొడ్డును బాదినట్టు బాదానంటాడు. చివరికి ప్రభువు నన్ను పట్టుకున్నాడంటాడు. హల్లెలూయలతో రేకులు ఎగిరిపోతాయి. వచ్చే ఏడాదికి ఆయన కమిటీ మెంబరు, ఆ పై ఏడాదికి పక్క ఊరి మహాసభల ఫ్లెక్సీ మీద కోటుతో దర్శనమిస్తాడు. పాపమే ఆయనకి పెట్టుబడి. ఎంత లోతు గోతిలోంచి లేచొస్తే అంత ఎత్తు వేదిక. నాకు దీని మీద ఫిర్యాదు లేదు, కృప అంటే అదే మరి.

ఇప్పుడు ఆడమనిషి లేస్తుంది. ఆవిడకి పాపాలు చెప్పుకునే వీలు లేదు. కిడ్నీలో రాయి కరిగిందని చెప్పచ్చు, మనవడికి సీటు వచ్చిందని చెప్పచ్చు, కూతురి పెళ్లినాడు వాన ఆగిందని చెప్పచ్చు. అలా కాకుండా "ఏడాదిగా నాకు ప్రార్థన రావడం లేదు, మా అత్తగారు పోతే బాగుండునని రెండుసార్లు అనుకున్నాను, విసుగొచ్చి పిల్లల్ని కొట్టాను, కానుకల సంచిలో వెయ్యమన్న వంద నేనే దాచుకున్నాను" అని చెప్పమనండి. కీబోర్డు కుర్రాడు మూడో మాటకే పాట ఎత్తుకుంటాడు. సోమవారం పొద్దున్నే నూనె బుడ్డితో హౌస్ విజిటింగ్. ఆ సాయంత్రానికి పేటంతా తెలిసిపోతుంది. ఇంకో సంగతి. ఇందాక సాక్ష్యం చెప్పినాయన బాదిన ఆడది అదే మందిరంలో మూడో వరసలో కూర్చుని ఉంది. ఆయన్ని ప్రభువు క్షమించాడు, సంఘం చప్పట్లు కొట్టి మరీ క్షమించింది. నువ్వు క్షమించావా అని ఆవిణ్ణి అడిగిన పాపాన పోయినవాడు లేడు.

ఇదంతా మన పెద్దల సొంత తెలివేనని వాళ్ళని మరీ పొగడనక్కర్లేదు. 1869లో తెల్లదొరలు చేసిన క్రైస్తవుల విడాకుల చట్టమూ ఇదే త్రాసు పట్టుకుంది. భార్య ఒక్కసారి తప్పుదోవ పడితే చాలు, భర్తకి విడాకులు. భర్త తప్పుదోవ పడితే భార్యకి అది చాలదు. దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేసి పోవడమో, ఇంకొకటో చూపించాలి. అంటే మగవాడికి ఒక పాపం ఉచితం, రెండోదాని దగ్గర నుంచే లెక్క. ఈ ఏర్పాటు స్వాతంత్ర్యం వచ్చాక కూడా అలాగే నడిచి, 2001లో సవరణ వచ్చి సమానమైంది. నూట ముప్ఫైరెండేళ్ళు. అన్నేళ్ళలో మన సంఘాలు ఎన్ని మహాసభలు పెట్టుకోలేదు, మిషన్ స్థలాల మీద ఎన్ని కోర్టు మెట్లు ఎక్కలేదు! ఈ ఒక్కదాని కోసం ఎక్కుదామని మాత్రం మన పెద్దలకి తోచలేదు.

సరే, గుణవతి ప్రసంగానికి వద్దాం. సామెతలు ముప్ఫై ఒకటో అధ్యాయం లేకపోతే మన స్త్రీల కూడికలు సగం మూతపడేవి. చీకటితో లేస్తుంది, దీపం ఆర్పదు, చేతులు ఖాళీగా ఉంచదు. ఇంతవరకూ బాగా వినిపిస్తారు. అదే అధ్యాయంలో ఆవిడకి పనికత్తెలు ఉన్నారన్న వచనం వచ్చేసరికి అయ్యగారికి దగ్గు వస్తుంది. ఆవిడ తనే పొలం చూసి కొన్నది, తన సంపాదనతో ద్రాక్షతోట వేసింది, బట్టలు నేసి వర్తకులకి అమ్మింది. ఇక్కడ కొల్లూరులో గాని, నిజాంపట్నంలో గాని ఎంతమంది గుణవతుల పేరున పట్టాదారు పాసుపుస్తకం ఉందో ఏ ప్రసంగీకుడూ చెయ్యెత్తమని అడగడు. క్రైస్తవుల వారసత్వానికి వర్తించే 1925 చట్టం వీలునామా లేని తండ్రి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానవాటా రాసిపెట్టింది. ఆ సంగతి స్త్రీల కూడికలో చెబితే అది వాక్యం కాదట, లోకజ్ఞానమట. ఆ గుణవతి భర్త ఏం చేస్తుంటాడో కూడా ఆ అధ్యాయం చెబుతుంది. ఊరి గుమ్మం దగ్గర పెద్దలతో కూర్చుంటాడు. ఈ వచనాన్ని మాత్రం మన సంఘాల్లో మగవాళ్ళు అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నారు.

అసలు ఆ మాటలు ఒక తల్లి కొడుక్కి నేర్పినవి. రాజైన కొడుకును కూర్చోబెట్టి, ఆడదాని కష్టానికి విలువ కట్టడం నేర్చుకోరా, ఆవిడ కష్టార్జితం ఆవిడ చేతిలో పెట్టరా అని బుద్ధి చెప్పింది. మగపిల్లవాడికి చెప్పిన పాఠాన్ని ఆడవాళ్ళకి పనుల జాబితాగా మార్చిన మేధావి ఎవరో గాని, ఆయనకి కోటు కుట్టించాలి.

ఈ జాబితా కింద అందరికంటే నలిగేది అయ్యగారింట్లో అమ్మగారు. ఒక జీతం ఇచ్చి ఇద్దరిచేత పని చేయించుకునే ఉద్యోగం ఇదొక్కటే అనుకుంటాను. సండే స్కూలు ఆవిడదే, స్త్రీల సమాజం ఆవిడదే, వేళాపాళా లేకుండా వచ్చేవాళ్ళ టీలు ఆవిడవే. మంచి చీర కడితే కానుకల డబ్బు, పాత చీర కడితే సంఘానికి నామోషీ. ఆవిడకి తలనొప్పి వచ్చినా విశ్వాసం తగ్గిందేమోనని చర్చ జరుగుతుంది. స్టూవర్టుపురం మనకి కూతవేటు దూరం. అక్కడ పనిచేసిన సాల్వేషన్ ఆర్మీలో భార్యాభర్తలిద్దరూ ఆఫీసర్లే. ఆడవాళ్ళు వాక్యం చెప్పచ్చని, ఆ ఆర్మీ స్థాపకుల్లో ఒకరైన క్యాథరిన్ బూత్ 1859లోనే కరపత్రం వేసి వాదించింది. దక్షిణ ఇండియా సంఘం 1976లో ఒక స్త్రీకి గురువుగా అభిషేకం ఇచ్చింది, 2013లో మన నంద్యాలకే పుష్పలలితగారిని బిషప్పుగా కూర్చోబెట్టింది. ఈ కబుర్లు మన పెద్దలకి తెలియవని కాదు. తెలిసిన వెంటనే "ఆవిడ వేరు లెండి" అంటారు.

కూగ్లరమ్మ కూడా వేరే కాబోలు. అన్నా కూగ్లర్ 1883లో గుంటూరు వచ్చేనాటికే చదువుకున్న డాక్టరు. మిషన్ బోర్డు మాత్రం వైద్యానికి కాకుండా స్త్రీల మధ్య బోధపనికని పంపింది. ఆవిడ మాట వినే రకం కాదు, మందులు వెంట తెచ్చుకుంది. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్ని కనలేదు, నోరు మూసుకుని కూర్చోలేదు. గుంటూరులో కూగ్లర్ ఆసుపత్రి ఇవాళ్టికీ ఉంది. ఆవిడే గనక ఇప్పుడు మన పేటలో అద్దెకు దిగితే, ముప్ఫై దాటినా పెళ్లి కాని పిల్ల కోసం శుక్రవారం కూడికలో పేరు పెట్టి ప్రార్థన చేయిస్తారు.

సాధువుగా, నోరెత్తకుండా ఉండే స్త్రీయే దేవుడికి ఇష్టమన్న ప్రసంగం ఒకటుంది. దాన్ని చెప్పేవాళ్ళు ఒకసారి కారంచేడు పేరు తలుచుకుంటే బాగుంటుంది. ఇప్పుడది మన బాపట్ల జిల్లాలోదే. 1985 జూలైలో, మాదిగపల్లె తాగే చెరువు నీళ్ళని పాడు చేస్తున్న భూస్వాముల కుర్రాళ్ళకి మున్నంగి సువార్త ఎదురుతిరిగింది, కొట్టడానికి వస్తే బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపేశారు. ఆవిడ సాధువుగా తలొంచుకుని ఆ నీళ్ళే ముంచుకుపోవలసిందని ఏ ప్రసంగపీఠం నుంచైనా చెప్పగలరా? చెప్పలేరు. అందుకే ఆ పేరు ఎత్తరు.

ఈస్టరు సంగతీ ఇంతే. వారం ముందు నుంచీ సమాధుల తోటలో గడ్డి పీకి, సున్నం కొట్టి, పూలు కట్టేది ఆడవాళ్ళు. తెల్లవారకముందే కొవ్వొత్తుల మధ్య నిలబడి వాక్యం చెప్పేది అయ్యగారు. ఆయన చెప్పే వార్తని లోకంలో మొదట మోసుకొచ్చినవాళ్ళు ఆడవాళ్ళేనని, శిష్యులు ముందు దాన్ని పిచ్చివాగుడు కింద కొట్టిపారేశారని లూకా రాశాడు. ఆ వచనం చదివేటప్పుడు ఎందుకో అందరికీ చలి ఎక్కువవుతుంది.

ఇప్పుడు కొత్త గాలి ఒకటి వీస్తోంది. పరిపూర్ణంగా ఉండాలన్న భారం దించుకోండి, కృపలో విశ్రాంతి తీసుకోండి అని ఆడవాళ్ళకే ప్రత్యేక సదస్సులు. అయ్యో, ఇన్నాళ్ళకైనా అనుకుని నేనూ సంబరపడ్డాను. తీరా వివరాలు చూస్తే విశ్రాంతి శనివారం ఉదయం ఎనిమిదిన్నరకి మొదలవుతుంది. అందరూ లేత గులాబీరంగు చీరలో రావాలి, బ్లౌజు మ్యాచింగు. ఇంటికొక కూర తేవాలి, తెనాలి వాళ్ళది పప్పు, రేపల్లె వాళ్ళది చేపల పులుసు. పాటల పోటీ ఉంది, వాక్యాలు కంఠతా చెప్పే పోటీ ఉంది. భారం దించుకోవడం ఎలాగో చెప్పేది హైదరాబాదు నుంచి వచ్చిన దైవజనులు. ఆయన చొక్కా ఇస్త్రీ చేసిన అమ్మగారు ఇంట్లో పిల్లల దగ్గర ఉన్నారు. గుమ్మం దగ్గర టేబులు వేసి, సంతకాల పుస్తకం పెట్టారు.

ఆ శనివారం భారం నిజంగా దించుకున్న మనిషి ఒక్కతే. నాట్లకు పోయొచ్చి వారం రోజులుగా నడుము పట్టేసిన ఆవిడ, ఇంట్లోనే తలుపు దగ్గరికి వేసుకుని పదకొండింటిదాకా నిద్రపోయింది. పుస్తకంలో ఆవిడ సంతకం లేదు గనక పేరు రాసుకున్నారు. వచ్చే శుక్రవారం ఆవిడ ఆత్మీయస్థితి గురించి ఉపవాస ప్రార్థన పెట్టారు. టీలు ఆవిడ ఇంట్లోనే.