అట్ట, జిగురు, శుభాకాంక్షలు

చేత్తో చేసే గ్రీటింగు కార్డు తయారీ సాధారణంగా డిసెంబరు 31 రాత్రి, వీధి చివరి స్టేషనరీ షాపు షట్టరు దించేశాక మొదలవుతుంది. ఉపాధ్యాయ దినోత్సవానికైతే సెప్టెంబరు 4 రాత్రి. సరంజామా ముందే కొని పెట్టుకునే ఇళ్లు లేవని కాదు. అలాంటి ఇళ్లలో సామాను సొరుగులో భద్రంగా ఉంటుంది, కార్డు మాత్రం తయారవదు. మిగతా ఇళ్లలో స్కేలు దొరక్కపోతే పాత డైరీ అంచు, జిగురు ఎండిపోతే అన్నం మెతుకులు, రంగు కాగితం లేకపోతే గోడమీది క్యాలెండరు పనికొస్తాయి. ఆ క్యాలెండరుకు పన్నెండు గంటలకు ఎలాగూ ఉద్యోగం పోతుంది గనక దాని మీద కత్తెర వెయ్యడానికి ఎవరూ అడ్డుచెప్పరు.

అచ్చు కార్డు పుట్టిందే తీరిక లేకపోవడం వల్ల. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే అధికారి, క్రిస్మస్‌కు ఒక్కొక్కరికీ ఉత్తరం రాసే తీరిక లేక, జాన్ కాల్‌కాట్ హార్స్లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి సుమారు వెయ్యి ప్రతులు అచ్చు కొట్టించాడు. తను వాడుకోగా మిగిలినవి ఒక్కోటి ఒక షిల్లింగుకు అమ్మకానికి పెట్టారు. ఉత్తరం ఒక్క పెన్నీకి వెళ్లే రోజుల్లో కార్డు ఖరీదు పన్నెండు పెన్నీలన్నమాట. బొమ్మలోని కుటుంబం పెద్దాచిన్నా తేడా లేకుండా వైన్ తాగుతూ కనిపించడంతో మద్యపాన వ్యతిరేకులు మండిపడ్డారు. ఇంతకీ అందులో అచ్చయినవి గీతలు మాత్రమే, రంగులు చేత్తోనే అద్దారు. చేతిపని తప్పించుకోవడానికి చేసిన కార్డుకు మొదటి రోజునే చేతిపని తగులుకుంది.

1949 నాటి యునిసెఫ్ మొదటి కార్డు మీద ఉన్నది చెకొస్లొవేకియాలో ఏడేళ్ల పాప వేసిన బొమ్మ. కాగితం దొరక్క ఆ పాప దాన్ని గాజు పలక మీద వేసింది. సామాను లేదన్న సాకు చెప్పే పిల్లలకు పెద్దలు ఈ కథ చెబుతారు. అది విని కిటికీ అద్దానికి పోస్టర్ కలర్ పూసిన పిల్లలకు మాత్రం మళ్లీ ఆ పెద్దలే వేరే కథ చెబుతారు.

తెలుగు ఊళ్లలో ఈ కళకు మంచి రోజులు 1980లు, 90లు. డిసెంబరు వచ్చిందంటే ఫుట్‌పాత్‌ల మీద బల్లలు వెలిసేవి. గులాబీలు, సూర్యోదయాలు, పిల్లికూనలు, సినిమా హీరోలు వరసగా తాళ్లకు వేలాడేవారు. జేబులో డబ్బులు మూడు కార్డులకు వస్తే స్నేహితులు ఇరవైమంది ఉండేవారు. ఆ పదిహేడుమందికీ చేతి కార్డులే గతి. కొన్న కార్డు వచ్చినవాడు తాను మొదటి ముగ్గురిలో ఒకడినని, చేసిన కార్డు వచ్చినవాడు తనకోసం కష్టపడ్డారని మురిసేవారు కాబట్టి తగాదాలు రాలేదు.

కార్డు నాణ్యత నిర్ణయించేది బొమ్మ కాదు, మడత. కాగితం మందాన్ని చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని, అంటే జీఎస్ఎమ్‌లో చెబుతారు. జిరాక్సు కాగితం 70, 80 ఉంటుంది. దాంతో చేసిన కార్డు నిలబెట్టగానే వినయంగా వంగిపోతుంది. 200 నుంచి 300 దాకా ఉన్న అట్ట నిటారుగా నిలుస్తుంది గాని మడవబోతే పగులుతుంది. దానికి కారణముంది. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు యంత్రం నడిచే వైపుకే నారపోగులు ఎక్కువగా సర్దుకుంటాయి. వాటి వెంట మడిస్తే గీత గీసినట్టు వస్తుంది. అడ్డంగా మడిస్తే మడత పొడుగునా తెల్లటి చీలికలు లేస్తాయి. అట్టను ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా కొంచెం వంచి చూస్తే ఎటు తేలిగ్గా లొంగుతుందో తెలిసిపోతుంది. మడిచే ముందు ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పట్టి గట్టిగా గీత నొక్కాలి. అక్షరం ముక్క రాయనని వారం నుంచి మొండికేసిన పెన్ను సరిగ్గా కార్డు మధ్యకు వచ్చాక రాయడం మొదలుపెడుతుంది.

షాపువాడు చార్టును చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసి ఇస్తాడు. ఇంటికి తెచ్చి విప్పినా అది చుట్టగానే ఉండాలని కోరుకుంటుంది. దాన్ని ఎదురు వైపుకు చుట్టి కాసేపు ఉంచడం ఒక వైద్యం, పరుపు కింద పెట్టి పడుకోవడం ఇంకొకటి. డిసెంబరు 31 రాత్రి రెండోదానికి సమయం ఉండదు.

జిగురు విషయంలో రెండు వర్గాలున్నాయి. మైదాపిండి ఉడికించి గంజిలా కాచుకునేవాళ్లది పాత సంప్రదాయం. ఖర్చు తక్కువే గాని బొద్దింకలు ఆ కార్డును అందుకున్నవాళ్లకన్నా ఎక్కువగా ఆస్వాదిస్తాయి. పుస్తకాలు బైండు చేసేవాళ్లు అందుకే ఆ గంజిలో చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. అది విషం కనుక పిల్లల చేతికి ఇచ్చే గిన్నెలో దానికి చోటు లేదు. ఫెవికాల్ వర్గానిది వేరే చిక్కు. నీళ్లున్న జిగురు ఏదైనా పల్చటి కాగితానికి ఎక్కువగా పూస్తే నారపోగులు తడి పీల్చుకుని ఉబ్బి, ఆరాక ముడతలు పడతాయి. గట్టిగా అంటాలంటే ఎక్కువ పూయాలన్నది ఇంట్లో పెద్దల సిద్ధాంతం, తక్కువ పూసి బరువు పెట్టాలన్నది కాగితం సిద్ధాంతం. గెలుపు ఎప్పుడూ కాగితానిదే.

అలంకరణకు తెలుగువారికున్న అతిపెద్ద ముడిసరుకు గని పాత శుభలేఖల కట్ట. మందపాటి అట్ట, బంగారు రేకు అద్దిన తీగలు, ఉబ్బెత్తు పువ్వులు, పట్టు దారంతో కుచ్చు, మూలలకు పసుపు. పెళ్లివారు వేలు పోసి వేయించిన ఈ సంపదను పెళ్లి అయ్యాక పారెయ్యడానికి చేతులు రావు, దాచడానికి చోటు ఉండదు. చేతి కార్డు ఈ సమస్యను చాలావరకు తీర్చింది. ఒక్క ఇబ్బంది ఉంది. ప్రతి శుభలేఖ మీదా వినాయకుడో వేంకటేశ్వరస్వామో ఉంటాడు. దేవుడి మీదుగా కత్తెర పోనివ్వకూడదు, కత్తిరించి తీసిన దేవుణ్ణి చెత్తబుట్టలో వెయ్యకూడదు. కనుక ఆయన్నీ కార్డు మీదే అంటించేస్తారు. కొత్త సంవత్సరం కార్డులోనూ, పుట్టినరోజు కార్డులోనూ, స్నేహితుల దినోత్సవం కార్డులోనూ ఏదో ఒక మూల వినాయకుడు తప్పకుండా ఉండడానికి కారణం భక్తి ఒక్కటే కాదు. శుభలేఖ వెనకవైపు సరిగా కప్పకపోతే మరో ప్రమాదం. "హ్యాపీ న్యూ ఇయర్" తెరిచిన బాబాయిగారికి లోపల "విందు: రాత్రి 7 గంటల నుంచి" అని కనబడుతుంది.

చమ్కీ పొడి చల్లాలంటే ఫ్యాను ఆపాలి. ఈ నియమం కార్డు చేసే మనిషికి తెలుసు, గదిలోకి అప్పుడే వచ్చి స్విచ్చి వేసే మనిషికి తెలియదు. ఆ పొడి కార్డు మీద నిలిచేది కొంతే. మిగతాది సంక్రాంతి దాకా దుప్పట్లలో, ఉగాది దాకా ఇంటాయన కనుబొమల్లో మెరుస్తుంది.

అక్షరాల దగ్గర కొలతలు అవసరమని చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. "నూతన సంవత్సర శుభాకాంక్షలు" అన్నది పన్నెండు అక్షరాల పొడవు. ఉత్సాహంగా మొదలుపెట్టిన "నూ" అట్టలో పావు వంతు ఆక్రమిస్తుంది. "సంవత్సర" దగ్గర అక్షరాలు ఇరుగ్గా కూర్చుంటాయి. "క్ష" వచ్చేసరికి అట్ట అయిపోతుంది, "లు" అంచు పట్టుకుని కిందికి దిగుతుంది. ముందు పెన్సిలుతో పన్నెండు గళ్లు గీసుకుని, ఆరూ ఏడూ గళ్ల నడిమి నుంచి రెండు వైపులకూ రాసుకుంటూ పోవడం దీనికి మందు. ఒత్తులకు కింద, గుడులకు పైన కూడా చోటు వదలాలి. ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నవాళ్లు పెన్సిలు గీతలు చెరిపేటప్పుడు ఇంకు ఆరిందో లేదో చూసుకోరు.

ఇక తపాలా. దేశం లోపల మామూలు ఉత్తరానికి మొదటి మెట్టు 20 గ్రాములు. ఏ4 కాగితం వైశాల్యం చదరపు మీటరులో పదహారో వంతు, కాబట్టి 240 జీఎస్ఎమ్ ఏ4 అట్ట ఒక్కటే 15 గ్రాములు తూగుతుంది. దాన్ని సగానికి మడిస్తే పట్టే పెద్ద కవరు 80 జీఎస్ఎమ్‌దైనా సుమారు ఏడు గ్రాములు. అంటే ఒక్క పూస కూడా అంటించకముందే 20 దాటిపోయింది. అందులో సగం అట్టతో చిన్న కార్డు చేస్తే ఏడున్నర గ్రాములు, చిన్న కవరు నాలుగు. అద్దాలకూ పూసలకూ దాదాపు ఎనిమిది గ్రాములు మిగులుతాయి. ఈ లెక్క వేసుకోని కార్డు బేరింగు అవుతుంది. తగ్గిన స్టాంపు విలువకు రెట్టింపు సొమ్ము అందుకునేవాళ్ల దగ్గర పోస్టుమాన్ వసూలు చేస్తాడు. మన శుభాకాంక్షలకు ఎదుటివాళ్ల చేత డబ్బు కట్టించడానికి ఇంతకన్నా చట్టబద్ధమైన మార్గం లేదు. ఉబ్బెత్తు పూసలు ముద్ర వేసే దెబ్బకు పగలడం దీనికి అదనం.

కార్డులో ఆరితేరినవాళ్లు పెట్టెల వైపు మళ్లుతారు. పుట్టినరోజులకు, సీమంతాలకు, గృహప్రవేశాలకు వచ్చినవాళ్లకు రిటర్న్ గిఫ్టులు ఇవ్వడం స్థిరపడ్డాక ఈ విద్యకు గిరాకీ పెరిగింది. ఘనాకారపు పెట్టెకు బడి లెక్కల పుస్తకంలోని వలరూపం కావాలి. ఆరు చదరాలను ఒకే ముక్కగా పరిచి ఘనం చెయ్యగల అమరికలు 11 ఉన్నాయి. ఏది ఎంచుకున్నా అయిదు అంచులు మడతలో కలుస్తాయి, ఏడు అంచులకు జిగురు పూసే రెక్కలు వదలాలి. ఆరే వదిలారని ఏడో అంచు దగ్గర తెలుస్తుంది. సెల్లోటేపు అందుకే ఉంది.

జిగురు లేకుండానే అయ్యేది జపాన్‌వాళ్ల మాసు పెట్టె. మాసు అంటే అక్కడ బియ్యం కొలిచే చెక్క పాత్ర, మన మానిక లాంటిది. 30 సెంటీమీటర్ల చదరాన్ని ఆ పద్ధతిలో మడిస్తే 10.6 సెంటీమీటర్ల అడుగు, 5.3 సెంటీమీటర్ల ఎత్తు వస్తాయి. అయిదు సెంటీమీటర్ల లడ్డూలు నాలుగు కూర్చుంటాయి. మూతకు ఒక సెంటీమీటరు పెద్ద చదరం తీసుకుంటే మూత మూడున్నర మిల్లీమీటర్లు పెద్దదై సరిగ్గా పడుతుంది. 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవున్న చార్టులో ఇలాంటి పెట్టె ఒక్కటే వస్తుంది. అడుగుకు 27, మూతకు 28 సెంటీమీటర్లు తీసుకుంటే రెండొస్తాయి, కాకపోతే లడ్డూ మూడు మిల్లీమీటర్లు తగ్గాలి. ఎప్పుడూ తగ్గేది లడ్డూనే.

కాగితానికి అసలు శత్రువు నెయ్యి. నారపోగుల మధ్య ఉన్న గాలి వెలుతురును చెదరగొట్టడం వల్ల కాగితం తెల్లగా కనిపిస్తుంది. ఆ గాలి ఉన్న చోట్లలోకి నెయ్యి చేరితే వెలుతురు లోపలికి దూరిపోయి, అట్ట మీద కిటికీలాంటి మరక తెరుచుకుంటుంది. సున్నుండలు పెట్టిన పెట్టెలో ఎన్ని సున్నుండలున్నాయో మూత తియ్యకుండానే లెక్కపెట్టవచ్చు. అడుగున బటర్ పేపరు పరవడం దీనికి సరైన పద్ధతి. పాత వార్తాపత్రిక పరవడం అలవాటైన పద్ధతే గాని అచ్చు ఇంకు తినుబండారాలకు అంటుతుంది కనుక ఆహార భద్రతా నియమాలు దాన్ని నిషేధించాయి. చమ్కీ కూడా పెట్టె బయటే ఉండాలి. పూతరేకులకు మాత్రం పెట్టె లోపల మరో కాగితం చుట్టడం కొంచెం ప్రమాదం. కాగితం ఎక్కడ అయిపోయిందో, రేకు ఎక్కడ మొదలైందో కొత్తవాళ్లకు తెలియదు. ఆత్రేయపురం ఎరగని అతిథి రెండూ తినేసి బాగుందంటాడు.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ పరీక్ష ఫిబ్రవరి 13 రాత్రి వస్తుంది. అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో వాలెంటైన్స్ డే అంటే ప్రేమికుల గొడవేమీ కాదు. పిల్లలు తరగతిలో అందరికీ తలా ఒక చిన్న కార్డు ఇవ్వాలి, తమకొచ్చినవి వేసుకోవడానికి బూట్ల డబ్బాను అలంకరించి తీసుకెళ్లాలి. ఒక్కరిని వదిలేసినా తప్పు కాబట్టి తరగతి జాబితా ముందేసుకుని, తల్లి కత్తిరిస్తుంటే తండ్రి అంటిస్తాడు, పిల్లవాడు నిద్రపోతాడు. పక్కన తినేది పెడదామంటే వేరుశనగ, జీడిపప్పు పడని పిల్లలుంటారని చాలా బళ్లు ముందే హెచ్చరిస్తాయి. ఆ నిబంధనకు నిలబడే తెలుగు మిఠాయి కోసం వెతికి వెతికి చివరికి షాపులో చాక్లెట్లు కొంటారు. మర్నాడు వీడియో కాల్‌లో మేనత్త "వాడే చేశాడా వదినా?" అని అడుగుతుంది. "అంతా వాడే" అంటుంది తల్లి, వేళ్లకు ఎండిన జిగురు గిల్లుకుంటూ.

అందుకున్నాక కార్డు గతి ఏమిటన్నది సులువే. బీరువాలో చీరల కింద పరిచిన కాగితం కిందికి చేరుతుంది. పెట్టె దగ్గరే చిక్కు. మిఠాయి స్టీలు డబ్బాలో వస్తే దాన్ని ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు, ఏదో ఒకటి వేసి పంపాలి. కాగితం పెట్టెతో ఆ రుణం ఉండదు గనక ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ హాయి. అయితే పెట్టె మరీ అందంగా కుదిరితే పక్కింటి పిన్నిగారికి ధర్మసందేహం వస్తుంది, ఇంత కష్టపడి చేసింది ఉంచుకోవచ్చా అని. రెండు రోజులు ఆలోచించి, అందులో అప్పుడే వేయించిన చేగోడీలు నింపి తిరిగి పంపుతుంది. నెయ్యి మరక పక్కన నూనె మరక చేరాక ఇక ఆ పెట్టె మూడో ఇంటికి వెళ్లదు. కుట్టుమిషను పక్కన చేరి గుండీలు, పిన్నీసులు, ఏ తాళానివో తెలియని రెండు తాళంచెవులు దాచుకుంటుంది.