లైనక్స్ సపోర్టెడ్ అట!

అరచేతిలో ఇమిడే బోర్డు. అట్టపెట్టె మీద నాలుగు కోర్లు, ఒక జీబీ ర్యామ్, హెచ్‌డీఎంఐ అని వరసగా అచ్చేసి, చివర్న బొద్దక్షరాల్లో ‘లైనక్స్ సపోర్టెడ్’ అన్నారు. అంగట్లో అన్నీ ఉన్నాయి. అల్లుడి నోట్లో శని మాత్రం పెట్టె మీద రాయరు, జిప్ ఫైల్లో పెట్టి పంపిస్తారు.

ఆ జిప్ పేరు ‘ఫైనల్’. పక్కనే ‘ఫైనల్ న్యూ’, దాని కింద ‘ఫైనల్ ఓకే’. ఏది నిజంగా ఫైనలో తేల్చాలంటే పంచాంగం తీయాలి. విప్పితే లోపల లైనక్స్ 3.10. 2013 జూన్‌లో పుట్టి, 2017లో కాలం చేసిన కెర్నల్. ఏటా తద్దినం పెట్టాల్సినదానికి కొత్త బట్టలు కట్టి పెళ్ళిచూపులకు కూర్చోబెట్టారు.

బిల్డ్ స్క్రిప్ట్ మొదటి అడుగులోనే చతికిలబడింది. టూల్‌చెయిన్ ఎక్కడుందో చెప్పే పాత్ నేరుగా ఎవరో ఇంజినీరు సొంత హోమ్ ఫోల్డర్‌లోకి పోతోంది. అంటే ఈ బోర్డుకు కెర్నల్ కంపైల్ చేయగల కంప్యూటర్ భూమండలం మీద ఒక్కటే, అదీ ఆయన బల్ల మీద. (ఆయన ఉద్యోగం మారకుండా ఉంటే.) పాత్ సరిచేసి మళ్ళీ మేక్ కొడితే, ‘కంపైలర్-జీసీసీ5.హెచ్’ అనే ఫైలు లేదంది. ఆ కాలపు కెర్నల్ కంపైలర్ వెర్షన్ చూసి, ఆ అంకె ఉన్న హెడర్ ఫైలును తన సంచిలోనే వెతుక్కుంటుంది. జీసీసీ 5 వచ్చింది 2015లో. తాతగారి పెళ్ళిపందిట్లో మునిమనవణ్ణి పేరుపెట్టి పిలిస్తే ఎవడు పలుకుతాడు?

1991 నాటి జీపీఎల్ రెండో వెర్షన్ ప్రకారం బైనరీ ఇచ్చినవాడు సోర్సూ ఇవ్వాలి, దాన్ని కంపైల్ చేసి ఎక్కించే స్క్రిప్టులూ ఇవ్వాలి. ఇచ్చారుగా! అవి నడవాలని అందులో లేదుగా! అశ్వత్థామ విషయంలో ధర్మరాజు పలికినంత నిజం.

మూడు రాత్రులకు కంపైల్ అయింది. ఇల్లు అలకగానే పండగా? సీరియల్ కేబుల్ మూడు తీగలూ తగిలించాను: గ్రౌండ్‌కు గ్రౌండ్, టీఎక్స్‌కు ఆర్ఎక్స్, ఆర్ఎక్స్‌కు టీఎక్స్. 1,15,200 బాడ్ పెట్టి తెర ముందు కూర్చున్నాను. చిప్‌లోని బూట్ రోమ్ లేచి ఎస్‌పీఎల్‌ను లేపింది. అది డీర్యామ్‌ను సిద్ధంచేసి యూ-బూట్‌ను పిలిచింది. యూ-బూట్ మూడు, రెండు, ఒకటి లెక్కపెట్టి కెర్నల్‌కు పగ్గాలిచ్చింది. తెర మీద ‘స్టార్టింగ్ కెర్నల్’ అని పడింది, పక్కన మూడు చుక్కలు. అంతే, ఇక ఉలుకూ పలుకూ లేదు.

ఆ మూడు చుక్కల ముందు నా ఆదివారం కరిగిపోయింది. డివైస్ ట్రీ వేరే బోర్డుదా? కెర్నల్ తప్పు అడ్రసులో పడిందా? తీరా చూస్తే అది హాయిగా లేచే ఉంది. బూట్ ఆర్గ్స్‌లో కన్సోల్ టీటీవైఎస్0 అని ఉండబట్టి, తీగే లేని పోర్టులో గంటల తరబడి ఉపన్యాసం దంచుతోంది. నా తీగలున్నది టీటీవైఎస్2 మీద. మాన్యువల్‌లోనూ సున్నా అనే ఉంది. తప్పును రెండుచోట్లా ఒకేలా రాయడంలో ఆ శ్రద్ధ చూడండి!

నా బోర్డువాళ్ళనే అంటే అన్యాయం. చైనా చిప్ సంస్థ ఆల్‌విన్నర్, తన హెచ్3 లాంటి చిప్‌ల కోసం ఇచ్చిన 3.4 కెర్నల్ బండారం 2016లో బయటపడింది. ప్రాక్ కింద ఉన్న ఒక డీబగ్ ఫైల్లోకి ఏ ప్రోగ్రామైనా ‘రూట్‌మైడివైస్’ అని రాస్తే చాలు, రూట్ అధికారం చేతికొస్తుంది. పాస్‌వర్డ్ లేదు, అడిగేవాడు లేడు. స్పెల్లింగ్ తప్పకూడదు, భద్రత అంటే అదొక్కటే. డీబగ్ కోసం పెట్టుకున్నది తీసేయడం మరిచారట. ఆ చిప్‌లను మెయిన్‌లైన్ కెర్నల్‌లోకి ఎక్కించినవాళ్ళలో చాలామంది లైనక్స్-సన్‌షీ అనే బృందపు ఔత్సాహికులు, జీతం బత్తెం లేకుండా రాత్రిళ్ళు మేలుకున్నవాళ్ళు. సపోర్టు చేసేది వాళ్ళు, ‘సపోర్టెడ్’ అని అచ్చేసుకునేది వీళ్ళు.

కన్సోల్ మార్చాక, ఎట్టకేలకు నా బోర్డులో లాగిన్ పడింది. డేట్ అని కొట్టాను. గడియారానికి బ్యాటరీ లేని బోర్డు కదా, 1970 జనవరి 1, గురువారం అంది. ఆ లెక్కన వీళ్ళ కెర్నల్ పుట్టడానికి ఇంకా 43 ఏళ్ళుంది. నేనే తొందరపడి పాతసరుకు అన్నాను.