చెయ్యి చేసుకున్నా సీటు మీదే

ఆర్టీసీ కండక్టరు కాలరు పట్టుకోవడానికి ప్రత్యేక అర్హతలేమీ అక్కర్లేదు. ఉచిత ప్రయాణానికి ఆధార్ జిరాక్సు చెల్లదు, ఒరిజినల్ చూపించమన్నందుకు పట్టుకోవచ్చు. చెయ్యెత్తిన చోటల్లా బస్సు ఆపనందుకు పట్టుకోవచ్చు. అయిదొందల నోటుకు చిల్లర లేదన్నాడా, సగం బస్సు మీ పక్షమే. అసలు బస్సెక్కాలన్న నియమం కూడా లేదు. బైకు అడ్డంపెట్టి, దారివ్వలేదని డ్రైవర్ని సీట్లోంచి కిందికి లాగే వీరులకు టికెట్టెవరు కొడతారు?

చట్టం లేదా అంటే, లేకేం! 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 43వ సెక్షను డ్యూటీలో ఉన్న కార్పొరేషన్ ఉద్యోగిని పబ్లిక్ సర్వెంట్‌గా లెక్కగట్టింది. పబ్లిక్ సర్వెంటు విధికి అడ్డుపడుతూ చెయ్యి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 132 కింద రెండేళ్ల దాకా జైలు. గాయమైతే 121 కింద అయిదేళ్ల దాకా. పాత శిక్షాస్మృతిలో ఇది మూడేళ్లే. 2024 జులై 1 నుంచి కండక్టరు చెంప ఖరీదు రెండేళ్లు పెరిగిందన్నమాట. రెండు సెక్షన్లూ నాన్ బెయిలబులే.

అయినా ఏడేళ్లకు మించని శిక్ష గనక కొట్టినవాణ్ని పోలీసులు నోటీసిచ్చి ఇంటికి పంపే వీలుంది. అది తప్పనను, ఆ రక్షణ ఎవరికైనా ఉండాల్సిందే. తమాషా ఆ తర్వాత మొదలవుతుంది. రాజీకి వీలున్న నేరాల జాబితాలో ఈ రెండూ లేవు. ఆ ముక్క పోలీసు స్టేషనెదుట టీకొట్టుకు ఇంకా చేరలేదు.

"కుర్రాడి భవిష్యత్తన్నా, నువ్వే పెద్దమనసు చేసుకో" అంటాడు వెంటొచ్చిన గల్లీ నాయకుడు.

"రేపట్నుంచి మళ్లీ ఈ రూట్లోనే తిరగాలి గదా" అని ఇంకొకాయన ఎంతో ప్రేమగా గుర్తుచేస్తాడు.

కమిలింది కండక్టరు చెంప. భవిష్యత్తు మాత్రం కుర్రాడికొక్కడికే ఉంది.

మర్నాడు యాజమాన్యం ప్రకటన: "సిబ్బందిపై దాడి చేస్తే కఠిన చర్యలు తప్పవు." ఈ వాక్యానికీ ఉచిత ప్రయాణమే కాబోలు, ఏ స్టేజీలోనూ దిగదు.

విమానంలో సిబ్బందిని తోసినా, కొట్టినా ఆర్నెల్ల దాకా ఎక్కనివ్వకుండా 2017లోనే నిబంధన తెచ్చారు. మరి బస్సులో? వెనకాలే ఇంకో బస్సుంది.

దీనికో ప్రత్యేక చట్టం కావాలంటున్నవారికి ఆస్పత్రులను చూపిస్తాను. డాక్టర్ల కోసం ఉమ్మడి రాష్ట్రం 2008లోనే విడిగా చట్టం చేసింది. మూడేళ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా అని రాసుకుంది. డాక్టర్లు ఇప్పటికీ తన్నులు తింటూనే ఉన్నారు. కొత్త సెక్షన్లు వద్దు బాబూ. తన్నులు తిన్న మనిషిని టీకొట్టు పంచాయతీకి ఒంటరిగా వదలకుండా యాజమాన్యమే వకీలును పెట్టి, ఉన్న సెక్షన్లతోనే కేసును తీర్పు దాకా లాగితే చాలు. ఆ తీర్పును బస్సులో ముందు సీటు వెనకాల అంటించండి. అక్కడ మోకాళ్ల నొప్పుల నూనె ప్రకటన ఉంటే పీకక్కర్లేదు, ఎవరికి ఏది పనికొస్తే అది చదువుకుంటారు.