కోరిక తీరకముందే కందూరు

పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉంది. ఏటా జనవరిలో ఉర్సు జరుగుతుంది. అన్ని మతాలవాళ్లూ, తండాలవాళ్లూ బండ్లు కట్టుకుని వస్తారు. అక్కడి లెక్క చాలా సూటి. ముందు మొక్కుకుంటారు, కోరిక తీరితే వచ్చి మేకను కోసి కందూరు చేస్తారు. కోరిక తీరకపోతే మేక మీ దొడ్లోనే ఉంటుంది. సైదులు ఎవరి దగ్గరా అడ్వాన్సు పుచ్చుకున్నట్టు నేను వినలేదు.

మిర్యాలగూడలోనో, కోదాడలోనో ఏదో ఒక మొదటి అంతస్తు మెట్లెక్కితే ఇంకో రకం దర్గా కనిపిస్తుంది. గోడమీద లండన్ గడియారస్తంభం, బల్లమీద చిన్న బ్రిటిష్ జెండా, ఒళ్లు వణికించే ఏసీ. ‘నర్సులకు స్పాన్సర్‌షిప్ గ్యారంటీ’ అని బోర్డు. ఇక్కడ ముందే కందూరు చేయాలి. అదీ ఒక్కసారి కాదు. ఫైలు తెరిచినందుకో ఫీజు, ఇంటర్వ్యూకో ఫీజు, ఆఫర్ లెటరుకో ఫీజు, చివరికి స్పాన్సర్‌షిప్‌కు అసలు ఫీజు. తలకాయ వేరు, కాళ్లు వేరు, బోటి వేరు.

“వీసా రాకపోతే ఎట్ల?” అని తండ్రి అడుగుతాడు.

“శుభమా అని బిడ్డ పోతుంటే ఆ మాట ఎందుకు బాబాయ్?” అంటాడు ఏజెంటు.

బాబాయ్ నోరు మూతపడుతుంది. ఈయనే మిల్లు దగ్గర తరుగు పేరుతో బస్తాకు కిలో ఎక్కువ కోస్తే రోడ్డుకు అడ్డంగా కూర్చుంటాడు. విత్తనాల షాపులో బిల్లు ఇవ్వకపోతే గొడవ పెట్టుకుంటాడు. బిడ్డ విషయానికి వచ్చేసరికి ఎకరం తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ముకు చీటీముక్క కూడా అడగడు. మిర్చి విత్తనం మీదున్న అనుమానం వీసా మీద లేదు.

ఇంతకీ అమ్మేది ఏమిటి? బ్రిటన్ సంగతే చూద్దాం. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ అంటే ‘ఈ మనిషి మాకు కావాలి’ అని అక్కడి ఆసుపత్రి తన ప్రభుత్వానికి రాసిచ్చే పూచీ. దాని ఫీజు యజమానిదే. ఆ ఖర్చును ఉద్యోగి నెత్తిన రుద్దకూడదని 2024 డిసెంబరు 31 నుంచి అక్కడి హోంశాఖ నిబంధన కూడా పెట్టింది. ఉద్యోగం చూపించినందుకు నర్సు దగ్గర ఏజెన్సీ ఫీజు తీసుకోరాదని ఆ దేశపు ఆరోగ్యశాఖ నియమావళి చెబుతుంది. మన వైపు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. దాని కింద రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగిన గరిష్ఠ ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, చేతికి రసీదు. అక్కడ సున్నా, ఇక్కడ ముప్పై వేలు. మధ్యలో ఈ లక్షలు ఏ దేశపు చట్టం ప్రకారం పుట్టాయో ఆ గడియారస్తంభమే చెప్పాలి.

ఇది కొత్త విద్యేమీ కాదు. కువైట్ ఆరోగ్యశాఖకు నర్సులను పంపే వ్యవహారంలో 19,500 రూపాయలు తీసుకోవాల్సిన చోట 19.5 లక్షలు వసూలు చేశారని 2015లో కొచ్చి ఏజెన్సీ ఒకదాని మీద సీబీఐ కేసు పెట్టింది. తేడా చివర రెండు సున్నాలే. ఒక్కో ఇంటికి వాటి ఖరీదు పంతొమ్మిది లక్షల పైచిలుకు.

ఇక ‘ఇంగ్లిష్ పరీక్ష అక్కర్లేదు’ అనే వరం. బ్రిటన్‌లో నర్సు కావాలంటే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రిజిస్టరులో పేరెక్కాలి. దానికి ఐఈఎల్‌టీఎస్‌లోనో ఓఈటీలోనో నెగ్గాలి, కంప్యూటరు పరీక్ష రాయాలి, పని చేసి చూపించే ఓస్కీ పరీక్ష పాసవ్వాలి. వీటిని దాటించే మంత్రం ఎవరి దగ్గరా లేదు. మంత్రం ఉందన్నవాడు ఇప్పించేది నర్సు ఉద్యోగం కాదు, కేర్ అసిస్టెంటు పని. నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివిన పిల్ల అక్కడ సూది ముట్టుకోవడానికి వీల్లేదు.

ఆ దారైనా ఉందా? 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు వీసా తలుపు తెరిచారు. 2024 మార్చి 11 నుంచి కుటుంబాన్ని తెచ్చుకోవద్దన్నారు. 2025 జులై 22 నుంచి బయటి దేశాలవాళ్లను కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. 2022 జులై నుంచి 2024 చివరిదాకా ఈ రంగంలో 470కి పైగా యజమానుల స్పాన్సర్ లైసెన్సులు రద్దయ్యాయి. లైసెన్సు పోయిన యజమాని కింద ఉన్నవాళ్లకు మామూలుగా 60 రోజుల గడువిస్తారు. ఆలోగా ఇంకో యజమాని దొరకాలి, లేదా విమానం ఎక్కాలి. ఇంటి దగ్గర తాకట్టు వడ్డీకి మాత్రం గడువు లేదు.

కోచింగుకు ఫీజు తీసుకుని పాఠం చెప్పేవాళ్లతో నాకు పేచీ లేదు. అది కష్టానికి కూలి. స్పాన్సర్‌షిప్ మాత్రం ఏజెంట్ల సరుకే కాదు. తనది కాని చెరువులో చేపలకు వేలంపాట పెట్టినట్టుంది వ్యవహారం.

పిల్లలు ఎందుకు పోతున్నారో కూడా చెప్పుకోవాలి. 2016లో సుప్రీంకోర్టు చెప్పగా వేసిన కమిటీ, యాభై పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20,000 తగ్గకూడదని సిఫారసు చేసింది. మన పట్టణాల్లో ఎన్ని నర్సింగ్‌హోములు ఆ మాట విన్నాయో జీతం తీసుకునే పిల్లల్నే అడగండి. ‘సిస్టర్’ అని నోరారా పిలుస్తాం. ఇంటి ఆడపడుచు కదా, జీతమెందుకులే అనుకుంటాం కాబోలు.

సరైన దారి లేక కాదు. కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా రూట్స్ 2021 డిసెంబరులో ‘ట్రిపుల్ విన్’ పేరుతో జర్మనీతో ఒప్పందం చేసుకుని, నర్సులకు ఉచితంగా భాష నేర్పించి పంపుతోంది. మనకూ హైదరాబాదులో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. అక్కడ చిక్కేమిటంటే నెలల తరబడి కూర్చుని జర్మన్ వ్యాకరణం బట్టీ పట్టమంటారు. వీసా తర్వాతి సంగతి. గ్యారంటీ బోర్డు లేదు, గడియారస్తంభం లేదు. హుజూర్‌నగర్ బస్టాండు గోడమీద ఆ సంస్థ పోస్టరు ఒక్కటైనా నా కంట పడలేదు. మోసగాడికున్న ప్రచార శ్రద్ధ సర్కారుకు ఎందుకుండదో!

ఏజెంటు పేరు మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలోను, యజమాని పేరు బ్రిటన్ ప్రభుత్వ స్పాన్సర్ల జాబితాలోను ఉందో లేదో చూసుకోవచ్చు. రెండూ అందరికీ తెరిచే ఉన్నాయి. అంత ఓపిక లేకపోతే ఒక్క మాట అడిగి చూడండి: “నాయినా, మాది పాలకీడు. మా సైదులుకు చేసినట్టే నీకూ చేస్తం. వీసా ముద్ర పడ్డాక వచ్చి కందూరు పెడతం.”

“ఇది దర్గా కాదు సార్” అంటాడు.

ఆ గదిలో ఆ రోజు పలికిన మొదటి నిజం అదే.